కొలత ఎవరు తీశారు?



అబిడ్స్‌లో ఎప్పుడైనా ప్యాంటు కుట్టించుకున్నారా మీరు? రెడీమేడ్ వచ్చాక దర్జీ దుకాణాలు తగ్గాయి గానీ, పూర్తిగా పోలేదు. లోపలికి వెళ్ళగానే మెడలో టేపు వేసుకుని మాస్టర్ నిలబడి ఉంటారు. నడుము ఎంత, పొడుగు ఎంత, మోకాలి దగ్గర ఎంత. ఆయన అంకెలు చెప్తుంటే పక్కన కుర్రాడు రాసుకుంటాడు. బట్ట మీద సుద్దముక్కతో గీత గీసేది మాస్టరే. కత్తెర పట్టేదీ ఆయనే. ఆ తర్వాత ఆ ముక్కలు మూటగట్టి వెనక గదిలోకి పంపిస్తారు. అక్కడ మిషను ముందు కూర్చుని కుట్టేది వేరే మనిషి. మన ఊళ్ళో కారీగర్ అంటాం. ఆ మనిషి మొహం మనలో చాలామంది చూసి ఉండం. కానీ ప్యాంటు కుట్టు నాలుగేళ్ళు ఊడలేదంటే అది ఆ కారీగర్ చేతి చలవే.

సరే. మాస్టర్ లేని రోజు చూసి, నేరుగా ఆ వెనక గదిలోకి వెళ్ళి, కొలతా గిలతా ఎందుకయ్యా, నన్ను చూశావుగా, కత్తిరించెయ్ అంటామా? అనం. ఐదారు వందల బట్ట మీద కూడా ఆ సాహసం చెయ్యం.

మోకాలి మీద చేస్తున్నాం.

ఎట్లాగంటారా? ఆపరేషనై ఇంటికొస్తాం. డిశ్చార్జి కాగితంలో ఎక్కడో కింద ఫిజియోథెరపీ అని ఒక్క ముక్క ఉంటుంది. ఎవరో ఒకరు ఫోన్ నంబరు ఇస్తారు. మందుల షాపాయన ఇస్తాడు. లేకపోతే పక్క ఫ్లాటువాళ్ళు ఇస్తారు. ఫోన్ చేస్తాం. మర్నాడు పొద్దున్నే ఒక అబ్బాయి వీపుకి బ్యాగు తగిలించుకుని వస్తాడు. కాలు పట్టుకుని వంచుతాడు. పది సిట్టింగులు పడతాయంటాడు. మనం సరే అంటాం. ఆ అబ్బాయి మంచివాడే. పని వచ్చినవాడే కావచ్చు. కానీ మనం ఒక్క మాట అడగం. ఈ కాలికి కొలత ఎవరు తీశారు బాబూ?

ఇవాళ నేను చెప్పబోయేది ఈ ఒక్క మాటే. కొలత ఎవరు తీశారు? మళ్ళీ మళ్ళీ చెప్తాను. విసుక్కోకండి.

నేను ఫిజియోథెరపిస్టుని. నాంపల్లి, అబిడ్స్, రెడ్ హిల్స్, ఈ చుట్టుపక్కలే నా తిరుగుడంతా. అయితే ఇవాళ్టి మాటలు నా గురించి కాదు. నా తర్వాత మీ ఇంటికొచ్చే మనిషి గురించి. ఫిజియోథెరపీ అసిస్టెంట్ గురించి. మీరు ఆ పేరుతో పిలవరు, నాకు తెలుసు. ఎక్సర్‌సైజులు చేయించే అబ్బాయి అంటారు. కరెంటు పెట్టే అమ్మాయి అంటారు. కొందరు మాలిష్ ఆయన అని కూడా అంటారు. ఆ చివరి మాటకి వాళ్ళు కొంచెం నొచ్చుకుంటారు. పైకి అనరు.

వీళ్ళు ఎక్కడి నుంచి వస్తారు? మన తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్మీడియట్‌లో ఒకేషనల్ కోర్సులున్నాయి కదా. అందులో ఫిజియోథెరపీ ఒకటి. పదో తరగతి తర్వాత రెండేళ్ళు. శరీరంలో ఏ ఎముక ఎక్కడుందో, ఏ కండ ఏ పని చేస్తుందో, యంత్రాలు ఎట్లా వాడాలో నేర్పిస్తారు. అట్లా చదివి క్లినిక్కుల్లో చేరినవాళ్ళున్నారు. డిప్లొమా చేసినవాళ్ళున్నారు. జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోమ్ హెల్త్ ఎయిడ్ అని చిన్న శిక్షణలు తీసుకుని వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళు నేర్చుకున్నది మంచం మీదున్న మనిషిని కదిలించడం, శుభ్రం చేయడం, నడిపించడం. ఇక ఏ కాగితమూ లేకుండా, ఎవరి దగ్గరో నాలుగేళ్ళు చూసి నేర్చుకున్నవాళ్ళూ ఉన్నారు. మనింటికి వచ్చినప్పుడు అందరి టీషర్టూ ఒకేలా ఉంటుంది. చిక్కు అక్కడే.

ఫిజియోథెరపిస్టు వేరు. బి.పి.టి. అంటే నాలుగేళ్ళ డిగ్రీ చదువు, ఆ పైన ఇంటర్న్‌షిప్. ఎం.పి.టి. అంటే ఇంకా పైచదువు. 2021లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తులకు జాతీయ కమిషన్ పెట్టిన చట్టం అది. ఫిజియోథెరపిస్టులు అందులోకి వస్తారు. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే మూడు నుంచి ఆరేళ్ళ డిగ్రీలో కనీసం 3,600 గంటల చదువు ఉండాలని ఆ చట్టం చెప్తుంది. 3,600 గంటలు. గుర్తుంచుకోకపోయినా పరవాలేదు. అంత చదివిన మనిషి ఒకరు మీ కాలు చూశారా లేదా అన్నది మాత్రం అడగండి.

ఇక్కడ చిన్న పక్కదారి. మా పేర్ల ముందు డాక్టర్ అని ఉండొచ్చా అని పెద్ద గొడవ నడిచింది. 2025 సెప్టెంబరులో ఢిల్లీలో ఆరోగ్య సేవల డైరెక్టరేట్ నుంచి వద్దని ఒక ఉత్తరం వచ్చింది. మర్నాడే దాన్ని పక్కన పెట్టారు. నన్నడిగితే మీరు బోర్డు మీద పేరు ముందున్నది వదిలెయ్యండి. పేరు తర్వాత ఉన్నది చదవండి. బి.పి.టి. అని ఉందా, ఎం.పి.టి. అని ఉందా. నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ జీపీఓ దాకా నడుస్తూ బోర్డులు చదివితే మీకే తెలుస్తుంది, కొన్ని బోర్డుల్లో పేరు ముందు చాలా ఉంటుంది, తర్వాత ఏమీ ఉండదు.

సరే, అసలు సంగతికొస్తాను. కొలత అని ఊరికే పోలిక కోసం అనలేదు. నిజంగానే కొలుస్తాం. చిన్నప్పుడు జామెట్రీ బాక్సులో కోణమానిని ఉండేది, గుర్తుందా? దానికి రెండు చేతులు తగిలిస్తే ఎట్లా ఉంటుందో, మా దగ్గర అట్లాంటి పరికరం ఉంటుంది. గోనియోమీటర్ అంటాం. కాలు పూర్తిగా చాపితే సున్నా. కుర్చీలో మామూలుగా కూర్చుంటే మోకాలు దాదాపు 90 డిగ్రీలు వంగుతుంది. తగ్గుగా ఉన్న సోఫాలోంచి లేవాలంటే ఇంకా ఎక్కువ వంగాలి. కండ బలానికి కూడా మార్కులుంటాయి. సున్నా నుంచి ఐదు దాకా. ఇవన్నీ రాసుకుని, మనిషికి ఏం కావాలో అడిగి, అప్పుడు వేస్తాం ప్లాను. ఏ వ్యాయామం, ఎన్నిసార్లు, ఏది అస్సలు చేయకూడదు. ఇది మాస్టర్ పని. సుద్దగీత, కత్తెర.

చిరాగ్ అలీ లేన్ వైపు ఒక పెద్దాయనకి మోకాలి మార్పిడి ఆపరేషనైంది. రిటైరైన తెలుగు టీచరు. మేమంతా సారు అంటాం. రెండో అంతస్తు. లిఫ్టు లేదు. మొదటి రోజు నేను వెళ్ళాను. మోకాలు 65 దగ్గర ఆగిపోయింది. తొడ కండకి ఐదుకి మూడు వేశాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని నా కాగితం చూశారు. ఐదుకి మూడా తల్లీ, నేను పిల్లలకి కూడా ఇంత పిసినారిగా మార్కులు వెయ్యలేదు అన్నారు.

మీకేం కావాలి సార్ అనడిగాను. నొప్పి తగ్గాలి అంటారనుకున్నాను. ఆయన అట్లా అనలేదు. ఆదివారం అబిడ్స్‌కి పోవాలమ్మా అన్నారు.

ఆదివారం అబిడ్స్ అంటే హైదరాబాద్ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. షాపులు మూసి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. చిక్కేమిటంటే, ఆ పుస్తకాలు నేల మీద ఉంటాయి. సారు ముప్పై ఏళ్ళుగా గొంతుక్కూర్చుని ఏరుకుంటున్నారు. కొత్త మోకాలితో గొంతుక్కూర్చోవడం కుదరదు. వద్దని ఆపరేషన్ చేసిన డాక్టరు చెప్పారు. నేనూ అదే చెప్పాను. ఆయన మొహం చూస్తే జాలేసింది. చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. మడత స్టూలు. దాని మీద కూర్చుని, ఆపరేషనైన కాలు ముందుకు చాపి, చేతికందిన పుస్తకం తీసుకోవడం. అందనివి పుస్తకాలమ్మే అతన్ని అడగడం. ఇది రాశాను ప్లానులో. పుస్తకాల బజారు అని. నవ్వకండి, నిజంగానే రాశాను.

మర్నాటి నుంచి వెళ్ళింది మా అసిస్టెంట్ కుర్రాడు. ఇంటర్ ఒకేషనల్ చదివి వచ్చినవాడు. ఇప్పుడు అతను ఏం చేస్తాడో చూడండి.

చెప్పులు విడిచి, చేతులు కడుక్కుంటాడు. రాత్రి నిద్ర పట్టిందా సార్ అని అడుగుతాడు. ఆ ప్రశ్న మర్యాదకి కాదు. నిద్ర పట్టలేదంటే నిన్న ఎక్కువైందేమో చూసుకోవాలి. కుట్ల మీద కట్టు తడిసిందా అని చూస్తాడు. విప్పడు. తర్వాత సారుని మంచం మీద పడుకోబెట్టి, మడమ కింద ఒక ప్లాస్టిక్ కవరు పెడతాడు. ఎందుకంటే దుప్పటి మీద మడమ జారదు. కవరు మీద సాఫీగా జారుతుంది. మడమని మెల్లిగా వెనక్కి లాక్కుంటే మోకాలు వంగుతుంది. ఈ కవరు కిటుకు ఏ పెద్ద యంత్రం కన్నా తక్కువ కాదని నా నమ్మకం. తర్వాత టవల్ చుట్టి మోకాలి కింద పెట్టి, దాన్ని మంచానికేసి నొక్కమంటాడు. ఐదు అంకెలు లెక్కపెట్టే దాకా నొక్కి, వదలమంటాడు. మా కుర్రాడు ఏక్, దో, తీన్ అని లెక్కపెట్టేవాడు. సారు ఆపేశారు. నా మోకాలు తెలుగు మీడియం బిడ్డా, ఒకటీ రెండూ అను అన్నారు. అప్పట్నుంచీ తెలుగులోనే.

తర్వాత వాకర్. తర్వాత చేతికర్ర. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, మీరందరూ వినండి. కర్ర ఏ చేత్తో పట్టుకోవాలి? కుడికాలు నొప్పయితే కుడిచేత్తో అని పదిమందిలో ఎనిమిది మంది అంటారు. తప్పు. నొప్పి కాలికి ఎదురుచేత్తో పట్టుకోవాలి. కుడికాలు నొప్పయితే కర్ర ఎడమచేతిలో. మళ్ళీ చెప్తాను. నొప్పి కుడికాలు, కర్ర ఎడమచెయ్యి.

ఇక మెట్లు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు ఆపరేషనైన కాలు ముందు. ఎక్కడం అంటే ఒంటి బరువంతా పైకి లేపాలి. అది బలమున్న కాలి పని. దిగేటప్పుడు కూడా పై మెట్టు మీద ఉన్న కాలే బరువు ఆపుతుంది. అందుకే అప్పుడు మంచి కాలిని పైన ఉంచాలి. సారు ఇంటి మెట్ల మీద మా కుర్రాడు ఎక్కడ నిలబడ్డాడో కూడా చెప్తాను. ఎక్కుతుంటే ఆయన వెనక, ఒక మెట్టు కింద. దిగుతుంటే ఆయన ముందు, ఒక మెట్టు కింద. ఎప్పుడూ కిందే. పడితే కిందికే కదా పడేది. మీ ఇంట్లో పెద్దవాళ్ళని మెట్లు దింపేటప్పుడు మీరు ఎక్కడ నిలబడుతున్నారో ఒక్కసారి చూసుకోండి.

ఇదంతా నేను చేయొచ్చు కదా అంటే, చేయొచ్చు. కానీ రోజూ ముప్పావుగంట పక్కనే కూర్చుని, లెక్కపెట్టి, బతిమాలి, ఇంకొక్కటి సార్, ఇంకొక్కటే అని చేయించడం వేరే నేర్పు. కారీగర్ నేర్పు. అది నాకన్నా అతనికే బాగా వచ్చు.

వారం తర్వాత నేను మళ్ళీ వెళ్ళి కొలిచాను. 85 వచ్చింది. ప్లాను మార్చాను. మార్చింది నేను. చేయించింది అతను. ఈ తేడా పట్టుకుంటే చాలు మీరు.

అసిస్టెంట్ పనిలో చేయించడం సగమే. ఆపడం మిగతా సగం. రెడ్ హిల్స్ వైపు మరో ఇల్లు. ఒకావిడకి తుంటి ఎముక ఆపరేషనైంది. పన్నెండో రోజో పదమూడో రోజో. మా కుర్రాడు వెళ్ళేసరికి ఆపరేషనైన వైపు పిక్క వాచి ఉంది. నిన్న లేదు. చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా ఉంది. రెండో పిక్క మామూలుగానే ఉంది. ఇంట్లోవాళ్ళు నువ్వులనూనె గిన్నె పట్టుకుని నిలబడ్డారు. రాత్రంతా లాగుతోందని ఏడ్చింది బాబూ, కాస్త నూనె పెట్టి పిసుకు అన్నారు. అతను పిసకలేదు. నూనె ముట్టుకోలేదు. మంచం దిగొద్దమ్మా అని చెప్పి, నాకు ఫోన్ చేశాడు. పదివేలు పోసి పిలిస్తే ఉత్తినే పోతున్నాడని ఇంటాయన వాకిట్లో కేకలేశాడు. ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళి స్కాన్ తీస్తే, పిక్కలోని రక్తనాళంలో గడ్డ కట్టి ఉంది. అట్లాంటి పిక్కని పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ప్రాణం మీదికొస్తుంది. ఆ రోజు అతను చేసిన గొప్ప పని ఏమీ చేయకపోవడం.

కాబట్టి ఆపరేషన్ తర్వాత ఒక పిక్క వాచి, వెచ్చబడి, నొప్పిగా ఉంటే మాలిష్ వద్దు. ఎవరు చెప్పినా వద్దు. డాక్టరుకి చూపించండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఒక్క నిమిషం ఆగొద్దు.

యంత్రాల గురించి కూడా రెండు మాటలు. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు కరెంటు పెట్టించుకునే ముందే ఆ సంగతి చెప్పాలి. అడగకపోయినా చెప్పాలి. ఒంట్లో రాడ్డు, ప్లేటు ఉంటే అదీ చెప్పాలి. షుగర్ ఉన్నవాళ్ళలో కొందరికి పాదాలకు వేడి తెలియదు. హాయిగా ఉందమ్మా అంటూనే కాల్చుకుంటారు.

పక్షవాతం వచ్చినవాళ్ళున్న ఇళ్ళకి ఒక విన్నపం. పడిపోయిన చెయ్యి పట్టుకుని మనిషిని లేపకండి. పిడి వదులైన గిన్నెని పిడి పట్టుకుని ఎత్తుతామా? అడుగున చెయ్యి పెట్టి ఎత్తుతాం. ఇదీ అంతే. ఆ భుజంలో కండలు పట్టు వదిలేసి ఉంటాయి. లాగితే కీలు జారుతుంది. నడుము దగ్గర వెడల్పాటి బెల్టు కట్టి పట్టుకోవడం ఎట్లాగో మీ ఇంటికొచ్చే అసిస్టెంట్‌ని అడిగి నేర్చుకోండి. అతను రోజుకి గంట ఉంటాడు. మిగతా ఇరవై మూడు గంటలు లేపేది, కూర్చోబెట్టేది మీరే.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. చాలా ఏళ్ళ కిందటి మాట. ఒక క్లినిక్‌లో పనిచేస్తున్నాను. ఒకావిడకి భుజం బిగుసుకుపోయింది. షుగర్ ఉన్నవాళ్ళకి ఇది ఎక్కువ. జడ వేసుకోలేకపోతోంది. జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోతోంది. మొదటి రోజు కొలిచాను. కాగితం మీద రాసి, అసిస్టెంట్ అమ్మాయికి ఇచ్చాను. ఆ అమ్మాయి రాసింది రాసినట్టు చేయించింది. ఎనిమిదో రోజు నా టేబుల్ దగ్గరికొచ్చి, ఇక ముందుకు రావట్లేదు మేడమ్ అంది. నేను ఎవరిదో రిపోర్టు చూస్తున్నాను. తల కూడా ఎత్తలేదు. చేయించు, వస్తుంది అన్నాను. ఇరవయ్యో రోజున ఆవిడే నా ముందుకొచ్చి, అమ్మా, ఇరవై రోజులకీ డబ్బులు కట్టాను, జడ మాత్రం మా కోడలే వేస్తోంది అంది. కొలిచి చూస్తే ఎనిమిదో రోజు ఎక్కడుందో అక్కడే ఉంది. ఆ అమ్మాయి పుస్తకంలో ఎనిమిదో రోజు దగ్గర పెన్సిలుతో గుండ్రంగా చుట్టి ఉంది. తను చూసింది. చెప్పింది. విననిది నేను. ఆవిడ డబ్బులు వెనక్కిచ్చాం గానీ పన్నెండు రోజులు వెనక్కివ్వలేం కదా.

అందుకే మీరు అడగాల్సిన మాటకి రెండో ముక్క ఒకటుంది. కొలత ఎవరు తీశారు? ఇది మొదటి ముక్క. మళ్ళీ ఎప్పుడు తీస్తారు? ఇది రెండోది. దర్జీ దగ్గర ట్రయల్ చూస్తారు కదా. నడుము బిగుతైతే మాస్టర్ మళ్ళీ సుద్ద తీస్తాడు. ట్రయల్ లేని ప్యాంటుకి ఎన్ని కుట్లు వేస్తే ఏం లాభం?

ఇక మనిషిని వెతుక్కోవడం ఎట్లాగన్నది. వెతుకులాట ఇంటికొచ్చాక మొదలుపెట్టొద్దు. ఆసుపత్రిలో ఉండగానే మొదలుపెట్టండి. పెద్దాసుపత్రుల్లో ఫిజియోథెరపీ విభాగం ఉంటుంది. అఫ్జల్‌గంజ్ ఉస్మానియాలో ఉంది. పంజాగుట్ట నిమ్స్‌లో ఉంది. ఆ నిమ్స్ అసలు 1964లో నిజాం ఆర్థోపెడిక్ హాస్పిటల్‌గా మొదలైంది. ఎముకలాసుపత్రి అన్నమాట. ఫిజియోథెరపీ చదువు కూడా అక్కడ చెప్తారు. మీరు ఏ ఆసుపత్రిలో ఉన్నా, డిశ్చార్జికి ముందురోజు ఆ విభాగంలోని ఫిజియోథెరపిస్టుని మంచం దగ్గరికి పిలిపించమనండి. ఇవాళ ఎంత వంగుతోంది, ఇంట్లో ఏం చేయాలి, ఏం చేయకూడదు, కాగితం మీద రాయించుకోండి. బిల్లుల హడావుడిలో ఇది మర్చిపోతాం. బిల్లు ఎవరూ మర్చిపోనివ్వరు. ఈ కాగితం మనమే గుర్తుపెట్టుకుని అడగాలి.

ఆ కాగితం చేతిలో ఉంటే, ఆ తర్వాత వచ్చే మనిషి మందుల షాపాయన పంపినవాడైనా, ఫోన్ యాప్‌లో బుక్ చేసినవాడైనా, అడగడం తేలిక. మొదటిసారి ఫిజియోథెరపిస్టు స్వయంగా వస్తారా? వాళ్ళ చదువేంటి? ఏదైనా తేడా వస్తే ఏ నంబరుకి చెయ్యాలి? వచ్చే అసిస్టెంట్ ఏ శిక్షణ తీసుకున్నారు? ఇట్లా అడగడం అనుమానించడం కాదు. నిజంగా పని తెలిసినవాళ్ళు సంతోషంగా చెప్తారు. మొహం చిట్లించేవాళ్ళని అక్కడే వదిలెయ్యండి. ఏ స్కానూ చూడకుండా డిస్కు జరిగిందనేవాళ్ళని, మెడ పట్టి ఠక్కున తిప్పి సరిచేస్తాననేవాళ్ళని గుమ్మం దగ్గరే వదిలెయ్యండి. జబ్బు పేరు పెట్టడం అసిస్టెంట్ పని కాదు. మంచి అసిస్టెంట్ ఎప్పుడూ ఆ పని చేయరు. మేడమ్‌ని అడిగి చెప్తాను అంటారు. ఆ మాట విన్నారంటే మీకు సరైన మనిషి దొరికినట్టే.

ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టండి. చవకరకం పుస్తకమైనా సరే. తేదీ, ఏం చేయించారు, నొప్పి ఎట్లా ఉంది, ఈ మూడూ రోజూ రాయించండి. ఫిజియోథెరపిస్టు వచ్చినప్పుడు ముందు ఆ పుస్తకం చేతికివ్వండి. నా టేబుల్ దగ్గర తల ఎత్తని రోజు ఒకటుందని చెప్పాను కదా. పుస్తకం మీ చేతిలో ఉంటే మేం తల ఎత్తక తప్పదు.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లలున్న తల్లిదండ్రులు కొందరు నన్నడుగుతుంటారు. మా అమ్మాయి ఫోన్‌లో పి.టి.ఎ. వస్తున్నారా అంటోంది, అదేంటమ్మా అని. ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్ అన్నమాట. అమెరికాలో ఈ చదువు 1967లో మొదలైంది. రెండేళ్ళ కాలేజీ చదువు. ఆ తర్వాత పరీక్ష, లైసెన్సు. అంత ఉన్నా అక్కడ కూడా పి.టి.ఎ. రోగిని మొదటిసారి పరీక్షించి ప్లాను వెయ్యరు. థెరపిస్టు వేసిన ప్లానునే నడిపిస్తారు. మీరు అక్కడికి వెళ్ళి మోకాలికి చూపించుకున్నా పద్ధతి ఇదే. తేడా అంతా ఒక్కటే. అక్కడ ఎవరు ఏమిటన్నది మెడలోని కార్డు మీద రాసి ఉంటుంది. ఇక్కడ మనం అడిగి తెలుసుకోవాలి.

మన ఇళ్ళకొచ్చే ఈ అసిస్టెంట్ పిల్లల గురించి నాకో బాధ ఉంది, అదీ చెప్పేస్తాను. పొద్దున ఆరింటికి బస్సెక్కుతారు. రోజుకి ఐదారిళ్ళు తిరుగుతారు. లిఫ్టు లేని రెండో అంతస్తులు, మూడో అంతస్తులు ఎక్కుతారు. మనుషుల బరువు మోస్తారు. వాళ్ళ నడుములు ముందు పోతాయి. సిట్టింగుకి మీరిచ్చే డబ్బులో వాళ్ళ చేతికి ఎంత వస్తుందో మీరెప్పుడూ అడగరు. మేమూ చెప్పం. కొలత తీసిన మాస్టర్‌ పేరు దుకాణం బోర్డు మీద ఉంటుంది. కుట్టినవాడి పేరు ఎక్కడా ఉండదు. ఇది న్యాయం కాదని నేను అనుకుంటాను.

సారు సంగతి అడుగుతారేమో. మా కుర్రాడు ఒకరోజు ఆయన ఇంట్లోనే, హాల్లో గోడ వారగా పుస్తకాలు పరిచాడు. ఫుట్‌పాత్ మీద పరిచినట్టే. మడత స్టూలు వేశాడు. కూర్చోండి సార్, కాలు ముందుకు, ఇప్పుడు తీసుకోండి, ఇప్పుడు లేవండి. పది రోజులు అదే బేరం. పదకొండో వారం ఆదివారం సారు స్టూలు చంకలో పెట్టుకుని, కర్ర పట్టుకుని, జీపీఓ దాకా మెల్లిగా నడిచి వెళ్ళారు. నాలుగు పుస్తకాలు కొన్నారు. అందులో ఒకటి పాత జామెట్రీ పుస్తకం. అది నాకిచ్చారు.

ఇక సెలవు తీసుకుంటాను. రేపో ఎల్లుండో మీ ఇంటికి ఒక అబ్బాయో అమ్మాయో బ్యాగు తగిలించుకుని వస్తారు. ముందు గ్లాసుడు మంచినీళ్ళివ్వండి. మెట్లెక్కి వచ్చుంటారు. నీళ్ళు తాగాక పక్కన కూర్చోబెట్టి, నెమ్మదిగా అడగండి. కొలత ఎవరు తీశారు బిడ్డా? మళ్ళీ ఎప్పుడు తీస్తారు?